వేలు పిండే పెద్దమనిషి

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. మొన్న విజయనగరం నుంచి ఇద్దరు పెద్దలు మా ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, ఆయన కళ్లు ఎంత పెద్దవో వర్ణించడం మొదలుపెట్టినప్పుడు నాకు ఆ సామెతే గుర్తొచ్చింది. అక్కడ రక్తపరీక్షల లేబరేటరీ నడిపిన ఆయన పోయారట. పండు ముసలితనంలో, నిద్రలోనే, ఏ బాధా లేకుండా పోయారట. సంతాపసభ పెడుతున్నారట. ఆయనతో కలిసి పనిచేసిన డాక్టర్లలో బతికున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నేను వేదికెక్కి నాలుగు మాటలు చెప్పాలట.

"ఆయన హస్తవాసి గురించి చెప్పండమ్మా. జనానికి అదే కావాలి" అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

కాఫీ ఇచ్చి, మోకాళ్ల నొప్పులని చెప్పి పంపించేశాను. నొప్పులున్న మాట నిజమే. కానీ మోకాళ్లు సవ్యంగా ఉన్నా వెళ్లేదాన్ని కాదు. నేను నాలుగు మాటలంటూ మొదలుపెడితే వాళ్లు దండ వేసిన ఫోటోని బల్ల కింద దాచుకోవాల్సి వచ్చేది. ఆ మాటలేవో ఇక్కడే రాసేస్తాను. పేరు మాత్రం రాయను. పేరు పెట్టి తిట్టడం కూడా ఒక రకం గౌరవమే, అది ఆయనకి నా చేతుల మీదుగా దక్కకూడదు.

అరవైల చివర్లో నేను వైద్యం చదువు పూర్తిచేసుకుని విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. ఆసుపత్రి నడిపే సర్జన్ గారు మంచివాడే. చెయ్యి చురుకు, చెవి మందం. రక్తపరీక్షలన్నీ గంటస్తంభం దగ్గర మేడ మీద ఈ మహానుభావుడి లేబరేటరీకి వెళ్లేవి. లేబరేటరీ అని బోర్డు మీద ఉంది కాబట్టి నేనూ అదే మాట వాడుతున్నాను. లోపలికి వెళితే పూజగదిలోకి వచ్చామా అనిపించేది. గుమ్మానికి ఎండిన మామిడాకుల తోరణం. మైక్రోస్కోపుకి లేసు టోపీ, దాని నుదుట గంధం, కుంకుమ. గోడ గడియారం ఒక మూల నక్కి ఉండేది. పంచాంగం మాత్రం ఆయన కూర్చునే చోటికి సరిగ్గా ఎదురుగా, మేకుకి వేలాడుతుండేది. గాజు గొట్టాల్ని బూడిదతో తోమించేవాడు. అవి ఆరకపోతే తన పట్టు ఉత్తరీయం కొసతోనే తుడిచేవాడు. బూడిద పోయిందా, నీటిచుక్క మిగిలిందా అని వెలుగులో పెట్టి చూసిన పాపాన పోలేదు. ఏడాదికోసారి ఆయుధపూజ మాత్రం ఘనంగా చేసేవాడు.

మనిషి చూడ్డానికి నిండుగా ఉండేవాడు, అది ఒప్పుకోవాలి. పొడగరి. బంగారు ఫ్రేము కళ్లజోడు, వేలికి పచ్చరాయి ఉంగరం. నడిచొస్తుంటే కిర్రుచెప్పుల చప్పుడు ముందు వచ్చేది, నశ్యం వాసన తర్వాత వచ్చేది, ఆయన ఆఖర్న వచ్చేవాడు. ఏ వేళ్లతో నశ్యం పట్టేవాడో ఆ వేళ్లతోనే సూది పట్టేవాడు. మద్రాసులో పెద్ద పెద్దవాళ్ల దగ్గర పని నేర్చుకొచ్చాడని ఊళ్లో చెప్పుకునేవారు. ఆయన చేసే పని చూసి, ఆ పెద్దవాళ్లు తరగతిలో ఉన్నప్పుడు ఈయన మెరీనా గట్టున పల్లీలు తింటూ ఉండి ఉంటాడని నేననుకునేదాన్ని. అది నా పొరపాటని తర్వాత తెలిసింది.

ఆపరేషన్‌కి ముందు రోగి రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూడాలి. అందుకు ఆయన పద్ధతి ఒకటుండేది. రోగి ఉంగరపు వేలు పట్టుకుని పొడిచేవాడు. పొడిచాక కళ్లు మూసుకునేవాడు. ఏదో స్తోత్రం గొణుగుతూ, మణికట్టు దగ్గర్నుంచి వేలి కొస దాకా గేదె పొదుగు పిండినట్టు పిండేవాడు. పిల్లలు కెవ్వుమనేవారు, మగవాళ్లు పళ్లు బిగించేవారు.

"ఏడవకు నాయనా. రక్తవంటే పాలలాంటిది, పిండితేనే వస్తాది" అనేవాడు.

ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. రక్తం ఒంట్లో ఉన్నంతసేపూ ద్రవమే. చర్మం తెగినచోట కండలోంచి ఊరే రసం కలిస్తే చటుక్కున గడ్డకట్టడం మొదలుపెడుతుంది. అది ప్రకృతి మనకి పెట్టిన రక్ష. అందుకే పరీక్షకి తీసే రక్తంలో ఆ రసం కలవకూడదు. మొదటి చుక్క తుడిచెయ్యాలి, తర్వాతది దానంతట అది ఉబికి రావాలి. ఇంకా బాగా చెయ్యాలంటే నరంలోంచి తియ్యాలి. ఒకే పోటులో సూది పడాలి. మొదటి సిరంజిలోది పారేసి, రెండో సిరంజిలోది పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో పోసి, ఒంటి వేడి ఉన్న నీళ్లలో నిలబెట్టాలి. ఊపకూడదు. మెల్లగా వంచి చూస్తూ, గడియారం మీదనుంచి కన్ను తియ్యకుండా ఉండాలి. అలా చేస్తే మామూలు రక్తం పది నిముషాల లోపల గడ్డకడుతుంది. వేలు పిండితే చుక్కచుక్కకీ కండరసం కలుస్తుంది. అప్పుడు ఎవరి రక్తమైనా చిటికెలో గడ్డకట్టేస్తుంది, ఎప్పటికీ గడ్డకట్టని వాడిది కూడా.

కాబట్టి ఆయన దగ్గర అందరి రక్తమూ మూడు నిముషాలే. మహా అయితే మూడున్నర. మా ప్రాంతపు జనమంత గట్టి రక్తం భూప్రపంచంలో ఇంకెవరికీ లేదన్నట్టుండేవి ఆయన రిపోర్టులు. ఆయన కీర్తంతా అదే. ఆయన రిపోర్టు వల్ల ఏ ఆపరేషనూ ఆగదు కాబట్టి సర్జన్లకి ఆయనంటే ఇష్టం. భయం తీరుతుంది కాబట్టి జనానికి ఇంకా ఇష్టం. "ఆ బాబు సెయ్యి పడితే రగతం నిలబడిపోతాది" అనేవారు పల్లెల వాళ్లు. ఆయన కూడా "నా చేతిలో ఎవడి రక్తమూ కారిపోలేదు" అని పదిమందిలో అనేవాడు. మామూలు రక్తమున్న నూరుమందికి మూడు నిముషాలని రాసి మార్కులు కొట్టెయ్యడానికి హస్తవాసి దేనికి? నూటొక్కో వాడు వచ్చినప్పుడు కదా తెలిసేది.

ఆ నూటొక్కో వాడు సాలూరు నుంచి వచ్చాడు.

లారీ డ్రైవరు. పాతికేళ్లుండవు, నల్లగా నవ్వుముఖంతో ఉండేవాడు. గజ్జల్లో హెర్నియా. బరువెత్తినా, గట్టిగా దగ్గినా పేగు జారి నిమ్మకాయంత ఉబ్బేది. రక్తపరీక్షకి పంపకముందే ఒక సంగతి నా కంటబడింది. కుడి మోకాలు ఎడమదాని కంటే లావుగా ఉంది. "లారీ మీంచి దూకితే వారం రోజులు బుంగలాగ వాచిపోతాదమ్మా" అని నవ్వుతూనే చెప్పాడు. వెంట వాళ్లమ్మ వచ్చింది. పొట్టి మనిషి. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ చుట్ట తీసి, గోడకి నలిపి, రొంటిన దోపుకుని నా దగ్గరికొచ్చింది.

"అమ్మా, నా తమ్ముడు పన్ను పీకించుకుని సచ్చిపోనాడు. నోట్లో ఎన్ని గుడ్డలు పెట్టినా తడిసిపోనాయి. మాయమ్మ తమ్ముడూ అలాగే పోనాడంట. ఈ గుంటడికి సిన్నప్పుడు మంగలి గాటెడితే తెల్లార్లూ ఆగనేదు. మా ఇంట్లో మగోళ్ల రగతం నీళ్లమ్మా. కోస్తే ఆగదు. కోసీకముందే సరిగ్గా సూసి సెప్పండి, నీకు పున్నెముంటాది."

పుస్తకంలో పేజీలకి పేజీలు రాసిన జబ్బుని ఆవిడ చుట్ట ఆర్పినంతసేపట్లో చెప్పేసింది. తల్లుల ద్వారా వచ్చి కొడుకుల్ని పట్టే జబ్బు. నేను వాళ్లిద్దర్నీ వెంటబెట్టుకుని స్వయంగా లేబరేటరీకి వెళ్లాను.

ఆయన డ్రైవరు వేలు అందుకున్నాడు. పొడిచాడు. కళ్లు మూశాడు. పిండాడు. సన్నటి గాజు గొట్టంలోకి రక్తం ఎక్కించి విరిచి, ముక్కల మధ్య గడ్డ దారంలా సాగిందని చూపించి, "మూడు నిముషాలు" అన్నాడు.

"మీరు గడియారం చూడలేదండీ" అన్నాను.

"అమ్మాయీ, నువ్వు అన్నం గడియారం సూసి వండుతావా?"

పక్కన బెంచీ మీది రోగులు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. డ్రైవరు మేనమామ ఎలా పోయాడో చెప్పాను. నరంలోంచి తియ్యమన్నాను. రెండు సిరంజిలు పెట్టమన్నాను. రెండోది పెట్టలేదు కానీ, నా నోరు మూయించడానికి నరంలోంచి తీశాడు. నాలుగుసార్లు పొడిచి, లోపల సూదిని గెలికి గెలికి, కండరసమంతా కలిసేలా తీశాడు. ఆ రక్తాన్ని గొట్టంలో పోశాడు. పోసి, తలెత్తి పంచాంగం వైపు చూశాడు.

"వర్జ్యం వచ్చీసింది. ఇప్పుడు పరీక్ష మొదలెట్టకూడదు."

"రక్తం మొదలుపెట్టేసిందండీ. నరం దాటి బయటకొచ్చినప్పుడే మొదలుపెట్టింది. అది వర్జ్యం చూసుకుని ఆగదు."

"దానికి తెలీకపోతే నాకు తెలుసు కదా" అని, గొట్టాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. వర్జ్యంలో ఎవరి చెయ్యీ పడకూడదట. కిర్రుచెప్పులు తొడుక్కుని ఎదురుగా ఉన్న హోటల్‌కి ఇడ్లీ తినడానికి వెళ్లిపోయాడు. మేము ముగ్గురం ఆ తాళం చూస్తూ కూర్చున్నాం. పెసరట్టు కూడా తిన్నాడో ఏమో, చాలాసేపటికి మూతి తుడుచుకుంటూ వచ్చి బీరువా తెరిచి, గొట్టం తలకిందులు చేశాడు. గడ్డ కదల్లేదు.

"సూడు, చుక్క కారలేదు. నాలుగు నిముషాలు."

"మీరు హోటల్లో ఉంటే నాలుగో నిముషంలో కట్టిందని ఎలా తెలిసిందండీ?"

"అనుభవం, అమ్మాయీ. నీకింకా రాలేదు."

డ్రైవరుని ఆసుపత్రికి తీసుకొచ్చి పరీక్ష నేనే చేశాను. ఇందులో నా గొప్పేమీ లేదు, చదువుకున్న ప్రతివాళ్లకీ వచ్చిన పనే. మరిగించి ఆరబెట్టిన సిరంజిలు, కడిగి ఆరిన గొట్టాలు, గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు, థర్మామీటరు, నా చేతిగడియారం. రెండో చేతికి, ఒకే పోటు. సర్జన్ గారిని పిలిచి పక్కన నిలబెట్టుకున్నాను. పది నిముషాలయింది. గొట్టం వంచితే రక్తం ఇటు నుంచి అటు హాయిగా జారింది. ఇరవై అయింది, అలాగే జారింది. అరగంట దాటాక సర్జన్ గారు ఆపరేషన్ రద్దు చేశారు. వీణ్ణి విశాఖపట్నం పెద్దాసుపత్రిలో చూపించాలి, కత్తి మాత్రం తగలకూడదు అని తల్లికి చెప్పారు. ఆవిడ రొంటిలో చుట్ట తీసి వెలిగించుకుంటూ, "నాను సెప్పేనా నేదా?" అంది. అంతే. కృతజ్ఞతలూ అవీ ఏమీ చెప్పలేదు. తన మాట ఒకరు విన్నారు, అది చాలు ఆవిడకి.

పెద్దమనిషి అయినవాడు ఆ రోజు ఏం చెయ్యాలి? తప్పయిందనక్కర్లేదు, కనీసం నోరు మూసుకోవాలి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే రకం ఈయన. వారం తిరక్కుండా ఊళ్లో ఒక మాట పుట్టించాడు.

"ఆ అమ్మాయి చేతిది నీటి గుణం. ముట్టుకుంటే ఎవడి రక్తమైనా పల్చబడిపోతాది."

జనం నమ్మారు. ఎందుకు నమ్మరు? ఆయన ముట్టుకుంటే నిలబడిన రక్తం నేను ముట్టుకుంటే నిలబడలేదు, కళ్లతో చూసిన సాక్ష్యం. ఆడవాళ్లు నన్ను చూసి చేతులు చెంగులో దాచుకునేవారు. "నువ్వొద్దమ్మా, నర్సమ్మని సూది ఎయ్యనీ" అని నా ముఖం మీదే అనేవారు. ఆ అవమానం నేను దిగమింగుకోగలను, మింగాను కూడా. కానీ ఆ మాట సాలూరు దాకా వెళ్లింది.

డ్రైవరుకి పెళ్లి కుదిరి ఉంది. రగతం నీళ్లట అని ఆడపెళ్లివారు వెనకాడారు. లారీల దగ్గర తోటివాళ్లు "ఒరే నీళ్లోడా" అని పిలవడం మొదలుపెట్టారు. కుర్రాడికి తలకొట్టేసినట్టయింది. తల్లికి చెప్పకుండా ఒకరోజు నేరుగా మేడ మీది లేబరేటరీకి వెళ్లాడు. ఆయన వేలు పిండి, మూడు నిముషాలని మళ్లీ చీటీ రాసిచ్చి, "నీకేటీ నేదు నాయనా. ఆ అమ్మాయి ముట్టుకోబట్టి అలాగైంది. ఇంకో ఊళ్లో కోయించీసుకో" అని వీపు తట్టి పంపించాడు. ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు ఆ చీటీ చూసి, ఆ పేరు ప్రతిష్ఠలు చూసి, కోశాడు.

కుట్లు వేసిన ప్రతిచోటా కారింది. ఆపడానికి వేసిన కుట్ల దగ్గరా కారింది. సూది గుచ్చిన రంధ్రాల్లోంచి కూడా కారిందట. అక్కడి నర్సు ఒకామె తర్వాత నాకు చెప్పింది, నెత్తురుతో బరువెక్కిన పరుపుని ఇద్దరు కలిసి మొయ్యాల్సి వచ్చిందని. మూడో రోజు పొద్దున్న పోయాడు. పోయే ముందు కూడా "మాయమ్మకి సెప్పకండి, తిడతాది" అన్నాడట.

తల్లి నా దగ్గరికొచ్చింది. ఎందుకొచ్చిందో ఆవిడకీ తెలియదనుకుంటాను. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంది. చుట్ట చేతిలో పట్టుకుంది కానీ వెలిగించలేదు. నేను పక్కన కూర్చుని ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ ఆపింది.

"తెలీక సేసీసినాడమ్మా ఆ బాబు. తెలిస్తే ఏ మనిసైనా సేస్తాడేటి? తెలీనోడి మీద పగెట్టుకుని నానేటి సేసుకుంటాను? ఆడి పాపం ఆడికి నేదులే, వదిలీసేను."

నేను తలూపాను. నాకూ అలాగే అనిపించింది. వట్టి తెలివితక్కువవాడు, పొగరుబోతు, వాడి ఖర్మ అనుకున్నాను. అయినా ఊరుకోలేక లేబరేటరీకి వెళ్లి అడిగాను. ఆయన నశ్యం పీల్చి, తుమ్మి, "నా రిపోర్టు సరిగ్గానే ఉంది. కోసినవాడి చెయ్యి మంచిది కాదు" అన్నాడు. అని, తర్వాతి రోగి వేలు అందుకున్నాడు.

మరుసటి వేసవిలో ఆయనకే మూత్రం బంధించింది. ఆపరేషన్ చెయ్యక తప్పదన్నారు సర్జన్ గారు. ఒక మిట్టమధ్యాహ్నం, ఓపీలో పిట్ట కూడా లేని వేళ, టాపు వేసిన రిక్షా మా పెరటి గుమ్మం దగ్గర ఆగింది. ఆయన దిగాడు. ఆ రోజు కిర్రుచెప్పులు లేవు. లోపలికొచ్చి నా ఎదురుగా కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"రక్తం ఎంతసేపట్లో కడతాదో సూడు అమ్మాయీ."

"మీ లేబరేటరీ ఉందిగా? మీ దగ్గర పనివాళ్లున్నారుగా?"

"నువ్వే చెయ్యి."

"నా చేతిది నీటి గుణం కదండీ."

ఆయన గోడ వైపు చూశాడు. నాకు లోపల ఏదో అనుమానం కదిలింది. సిరంజి పక్కన పెట్టి, వేలు పొడిచే సూది తీశాను. "ఎండలో పడొచ్చారు, నరం దాకా ఎందుకు? మీ పద్ధతిలో వేలితోనే చేసేస్తాను" అని చెయ్యి చాపాను.

చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఉత్తరీయం కింద దాచుకున్నాడు, పల్లెటూరి ఆడవాళ్లు నన్ను చూసి దాచుకున్నట్టే.

"వేలొద్దు. పిండితే కండలో రసం కలిసిపోతాది. నిజం రాదు" అన్నాడు మెల్లగా. తర్వాత ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. సిరంజి ఆరిందా? గొట్టంలో బూడిద లేదు కదా? మొదటి సిరంజిలోది పారెయ్యి. ఊపకు, వంచి చూడు. నా ప్రొఫెసర్ కూడా ఇంత వివరంగా చెప్పలేదు.

"ఇప్పుడు వర్జ్యమేమో చూశారా?" అన్నాను.

"రక్తం ఆగుతాదేటి?" అన్నాడు విసుగ్గా.

చేశాను. గొట్టాలు వంచుతున్నంతసేపూ ఆయన కళ్లు మూసుకోలేదు, స్తోత్రం గొణగలేదు. నా చేతిగడియారం ముల్లుని కన్నార్పకుండా చూస్తూ కూర్చున్నాడు. ఎనిమిదో నిముషంలో గడ్డకట్టింది. మామూలు రక్తమే.

"నిజవేఁ కదా?" అన్నాడు.

"నిజమే."

గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. చొక్కా చెయ్యి దించుకుని బొత్తాం పెట్టుకుంటున్నాడు. నేనడిగాను. "మరి ఆ డ్రైవరు?"

"ఏ డ్రైవరు?" అన్నాడు.

నటన కాదు. నిజంగానే గుర్తులేదు. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. కోలుకుని మేడ మీదికి వెళ్లి మళ్లీ వేళ్లు పిండడం మొదలుపెట్టాడు. పెద్ద వయసు దాకా బతికి, నిద్రలో, ఏ బాధా లేకుండా పోయాడు.

ఆయన నా చేత పరీక్ష చేయించుకున్న సాయంత్రమే నేను సాలూరు బస్సెక్కాను. డ్రైవరు ఇంటికి తాళం వేసి ఉంది. ముసలావిడ కొండ అవతల కూతురి దగ్గరికి వెళ్లిపోయిందన్నారు. ఏ ఊరో ఎవరికీ సరిగ్గా తెలీదు. తర్వాత రెండుమూడు సార్లు వెతికించాను, దొరకలేదు.

సంతాపసభ వాళ్లు ఆయన ఫోటోకి దండ వేసుకుంటారు, వేసుకోనివ్వండి. నాకు వాళ్లతో పనిలేదు. మెట్ల మీద వెలిగించని చుట్ట పట్టుకుని కూర్చున్న ఆ తల్లి ఆయన్ని క్షమించేసింది, తెలీక చేశాడని. ఆ ఒక్క మాట మీదే క్షమించింది. ఆవిడ ఇంకా ఉంటే, ఆవిడ ఎవరో మీకు తెలిస్తే, దయచేసి వెళ్లి చెప్పండి. ఆ క్షమని వెనక్కి తీసుకొమ్మనండి.

ఆయనకి తెలుసు.